రానివాళ్ళ లెక్క: విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



“సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళి అర్జీ ఇచ్చి రావచ్చు కదా, పత్రికలకెక్కడం దేనికి?” అని మా ఆవిడ అడిగింది. అర్జీ ఇస్తే దానికో నెంబరొస్తుంది, ఆ నెంబరుకో జవాబొస్తుంది. బాగానే ఉంటుంది. కానీ అర్జీ అంటే వచ్చినవాడి బాధ. నేను చెప్పబోయేది రానివాళ్ళ సంగతి. అందుకే ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను.

నేను విశాఖ పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. ఓడలోంచి స్లింగు దిగుతుంటే బస్తాలు లెక్కపెట్టి గీతలు గీయడం నా ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, అయిదు. కొత్తగా చేరినవాడు దిగిన బస్తాలదే లెక్క అనుకుంటాడు. నాలుగేళ్ళు ఎండలో నిలబడ్డాక తెలుస్తుంది, అసలు లెక్క దిగనివాటిది. కాగితం మీద రెండువేలుంటాయి, రేవులో పంతొమ్మిది వందల ఎనభై ఏడు తేలతాయి. గొడవంతా ఆ పదమూడింటి గురించే, సంతకాలన్నీ వాటికోసమే. మేం దాన్ని షార్ట్ ల్యాండింగ్ అంటాం. మీ జిల్లాలో కంటి వైద్యానికి టాలీ షీటుంది గానీ, షార్ట్ ల్యాండింగ్ కాలమ్ లేదన్నది నా ఫిర్యాదు.

నాకు షుగర్ వచ్చి ఇరవై మూడేళ్ళు. కుడికంట్లో ఇప్పటికి పద్నాలుగు ఇంజెక్షన్లు, ఎడమకంట్లో ఆరు పడ్డాయి. అవునండీ, కంట్లోనే. గోడకున్న వెంకట్రామా క్యాలెండర్ మీద, తిథీ వర్జ్యం పక్కనే, కుడికి ‘కు’, ఎడమకి ‘ఎ’ అని గుర్తు పెట్టుకుంటాను. జబ్బు సంగతి నాకు మొదట చెప్పిందీ ఆ క్యాలెండరే. ఒక పొద్దున్న ఎడమకన్ను నలుపుకుంటూ కుడికంటితో చూస్తే గళ్ళ గీతలు మధ్యలో లోపలికి వంగి ఉన్నాయి. మేకు కదిలిందేమోనని క్యాలెండర్ సర్దాను. రెండో కన్ను తెరిస్తే అన్నీ తిన్నగానే ఉన్నాయి. తర్వాత తెలిసింది, కంటి డాక్టర్ల దగ్గర ఇదే పనికి గళ్ళ కాగితం ఒకటుందని. దాన్ని ఆమ్స్‌లర్ గ్రిడ్ అంటారు. మనవాళ్ళ ప్రతి ఇంట్లోనూ అది ఊరికే వేలాడుతోంది, కన్ను మార్చి కన్నుతో చూసేవాళ్ళే లేరు.

కంట్లో సూది అనగానే జనం మొహం అటు తిప్పేసుకుంటారు. సగం మంది రాకపోవడానికి ఆ భయమే మొదటి కారణం కనుక, అక్కడ ఏం చేస్తారో చెప్పనివ్వండి. చెప్పులు బయట విడవాలి. తలకి టోపీ పెడతారు. మత్తు చుక్కలు రెండు మూడుసార్లు వేస్తారు. ఆపైన గోధుమరంగు అయోడిన్ చుక్క. నిజానికి సూది కంటే అదే మంట, ఆ సాయంత్రమంతా కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడేది దాని వల్లే. కానీ కంటిని క్రిముల నుంచి కాపాడేదీ అదే కనుక తిట్టుకోకూడదు. మొహం మీద చిల్లున్న గుడ్డ కప్పి, రెప్ప పడకుండా చిన్న క్లిప్పు పెడతారు. “కాళ్ళవైపు చూడండి తాతగారూ” అంటుంది డాక్టరమ్మ. నల్లగుడ్డు అంచు నుంచి కొలిచి, తెల్లగుడ్డులోంచి పొడుస్తారు. శుక్లం తీసి లెన్సు పెట్టిన కంటికి మూడున్నర మిల్లీమీటర్లు, సొంత లెన్సున్న కంటికి నాలుగు. మరీ ముందుకొస్తే లెన్సుకి తగులుతుంది, మరీ వెనక్కెళితే కంటి వెనక పొర రెటీనాకి. ఓడ హ్యాచ్ అంచు తగలకుండా గ్రాబు దించే మా క్రేను డ్రైవర్లే గుర్తొస్తారు నాకు. వేలితో అదిమినట్టు ఒక్క అదుము, అంతే. పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. ఒక్కోసారి చూపులో కింది వైపు నల్లటి బుడగలు దొర్లుతాయి, రేవు నీళ్ళ మీద నూనె చుక్కల్లాగా. అవి గాలి బుడగలు. అవి తేలేది పైకే, కానీ కంటి వెనక పడే బొమ్మ తలకిందులు కనుక మనకి కింద కనిపిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పోతాయి. మొదటిసారి నాకెవరూ చెప్పలేదు, ఆ రాత్రంతా నిద్రపోలేదు.

అంత పాటు ఎందుకు, మాత్ర ఇవ్వచ్చు కదా, చుక్కలు వేయచ్చు కదా అని మా మనవడు అడిగాడు. నేనూ అడిగాను. చుక్కల మందు కంటి ముందు భాగం దాటి లోపలికి వెళ్ళలేదు, చాలావరకు కన్నీళ్ళతోనే కొట్టుకుపోతుంది. మింగిన మందు రక్తంలో కలుస్తుంది, కానీ రక్తానికీ రెటీనాకీ మధ్య చెక్‌పోస్టు లాంటి అడ్డుగోడ ఒకటుంది. దేవుడు మంచికే పెట్టాడు, విషాలు లోపలికి పోకుండా. అదే మందుని కూడా ఆపేస్తుంది. అందుకని గోడ దాటించి, గుడ్డులోని జిగురులోకే దించేస్తారు. ఎంత దించుతారు? 0.05 మిల్లీలీటర్లు. చుక్కల సీసాలోంచి రాలే ఒక బొట్టంత. ఆ జిగురు మొత్తం కలిపితే నాలుగు మిల్లీలీటర్లు, చెంచాడు కూడా ఉండదు. ఇరుకు గది కనుకే ఒక్క బొట్టు చాలుతుంది.

ఆ బొట్టు చేసే పని కూడా చెబుతాను. షుగర్ వల్ల సన్నటి రక్తనాళాలు పాడై రెటీనాకి ప్రాణవాయువు అందకపోతే, ఆకలేసిన రెటీనా ఒక ప్రోటీన్ని వదులుతుంది. దాని పేరు వీఈజీఎఫ్. ‘నాకు కొత్త నాళాలు వేయండి’ అని అది పెట్టే కేక అన్నమాట. నాళాలొస్తాయి, కానీ మునిసిపాలిటీ పైపుకి రాత్రిపూట వేసుకున్న దొంగ కనెక్షన్లలా, ఎక్కడ చూసినా కారుతుంటాయి. పాతవి కూడా కారడం మొదలెడతాయి. చూపుకి నడిమధ్య చోట నీరు చేరుతుంది. సూదిలోని మందు ఆ ప్రోటీన్ని పట్టుకుని కేక ఆపుతుంది, అప్పుడు కారడం తగ్గుతుంది. రెటీనా మందం కొలిచే ఓసీటీ స్కాన్‌లో నా కుడికంటి మధ్యభాగం మొదట 512 మైక్రాన్లు. ఉండాల్సింది దాదాపు పావు మిల్లీమీటరు, అంటే 250 చిల్లర. మూడు సూదులయ్యాక 291కి దిగింది. అంకెలతో బతికినవాణ్ణి, ఆ కాగితం చూసి ఏడ్చాను.

ఈ ప్రోటీన్ని నెపోలియోన్ ఫెరారా అనే శాస్త్రవేత్త 1989లో అమెరికాలో వేరుచేశాడు. దాన్ని అడ్డుకునే అవాస్టిన్ అనే మందు 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కని వచ్చింది. మరుసటేడే మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే కంటి డాక్టరు అందులో రవ్వంత తీసి కంట్లో వేసి చూశాడు. 2006లో కంటికోసమే తయారుచేసిన లూసెంటిస్ వచ్చింది. అప్పట్లో అమెరికాలో దాని ఖరీదు డోసుకి దాదాపు 2000 డాలర్లు, అవాస్టిన్‌ది 50 ఉండేది. వయసు మీద పడ్డవాళ్ళకి వచ్చే రెటీనా జబ్బులో రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయని 2011లో పెద్ద పరీక్షే చేసి తేల్చారు. చూపు బాగా పడిపోయిన షుగర్ కళ్ళలో మాత్రం ఐలియా అనే ఇంకో ఖరీదైన మందు మొదటి ఏడాది మెరుగ్గా చేసిందని 2015లో తేలింది. లూసెంటిస్‌కి సమానమైన మందుని, అదే సంవత్సరం, మన దేశంలోనే ఇంటాస్ కంపెనీ రజుమాబ్ పేరుతో తెచ్చింది. చవకైన అవాస్టిన్‌కీ ఒక చిక్కుంది. క్యాన్సర్ రోగికి సరిపోయేంత సీసాని కళ్ళకోసం చిన్నచిన్న సిరంజిలుగా పంచాలి, ఆ పంపకంలో శుభ్రత తప్పితే కళ్ళు పోతాయి. 2016 జనవరిలో గుజరాత్‌లో కొందరికి కళ్ళలో ఇన్ఫెక్షన్ వస్తే కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఈ మందు కంట్లో వాడొద్దన్నారు. పేదలు ఏమైపోవాలని కంటి డాక్టర్లు మొత్తుకుంటే మార్చిలో ఆ హెచ్చరిక వెనక్కి తీసుకున్నారు.

క్యాన్సర్ మందు కంట్లోకి రావడం వింతేం కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ లాబరేటరీస్‌లో తయారుచేసిన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ కంటి లోపలి లింఫోమా అనే క్యాన్సర్‌కి ఇలాగే సూదితో ఇస్తున్నారు. ఆయన 1948లో పోయారు. చూసి ఉంటే సంతోషించేవారు.

మందుంది. డాక్టర్లున్నారు. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ వాళ్ళది 2006 నుంచి ఉంది, వేపగుంటలో శంకర్ ఫౌండేషన్ ఉంది, పోర్టుకీ స్టీల్‌ప్లాంటుకీ సొంత ఆసుపత్రులున్నాయి. ఈ మాట చెప్పుకోడానికి మన ఊరికి హక్కుంది. మరి షార్ట్ ల్యాండింగ్ ఎక్కడంటారా?

మా అక్క మొగుడు చోడవరం దగ్గర చెరకు రైతు. “చెరకు అమ్ముకునేవాణ్ణి, నాకు కాక ఇంకెవుడికొస్తాది షుగరు?” అని నవ్వేవాడు. రెండు కళ్ళలోనూ కొత్త నాళాలు పుట్టాయి. నేనే తీసుకెళ్ళాను. మూడు సూదులు పడ్డాయి, చూపు తేటబడింది. నాలుగోది సంక్రాంతి వారంలో వచ్చింది. “కనుమెళ్ళాక వస్తాన్రా” అన్నాడు. కనుమ వెళ్ళింది, చెరకు కొట్టే రోజులొచ్చాయి. ఫోన్ చేస్తే, “కనిపిస్తంది కదేటి, మళ్ళీ సూదెందుకు?” అన్నాడు. మాట చూడండి. మందు పనిచేసింది కనుకే ఆయన మానేశాడు. ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున్న కంట్లో మసి కారినట్టయిందని కబురు. లోపల రక్తం కారింది, రెటీనాని పీచులు లాగేశాయి. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఆ కంటి ముందు చెయ్యి ఊపితే ఊపినట్టు తెలుస్తుంది, అంతే. రెండోది గుడ్డికంటే మెల్ల నయమన్నట్టు ఉంది. తప్పు డాక్టర్లది కాదు. మా బావదని కూడా నేననను.

ఈ మందు ఒకసారి వేస్తే నెల తిరిగేసరికి నీరసిస్తుంది. మొదట్లో నెలనెలా, తర్వాత రెండు మూడు నెలలకోసారి, కొందరికి ఏళ్ళ తరబడి. కొత్తగా వచ్చిన ఫారిసిమాబ్ లాంటివి కొందరిలో నాలుగు నెలల దాకా ఆగుతాయంటారు. ఎంత ఆగినా మళ్ళీ రావాల్సిందే. ఫిలడెల్ఫియా డాక్టర్లు 2019లో ఒక పరిశీలన రాశారు. షుగర్ వల్ల కొత్త నాళాలు పుట్టిన కళ్ళకి కొందరికి లేజర్ చేశారు, కొందరికి సూదులే వేశారు. ఆ తర్వాత ఆరునెలలకి పైగా ఆసుపత్రికి రానివాళ్ళని చూస్తే, సూదుల మీదే ఉన్నవాళ్ళ కళ్ళు ఎక్కువ పాడయ్యాయి. లేజర్ కాల్పు నిలిచే ఉంటుంది, మందు కరిగిపోతుంది. అది చదివాక మా బావ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఏ మనిషి మళ్ళీ రాగలడు, ఎవడు రాలేడు అన్నది కూడా వైద్యంలో భాగమేనని అర్థం. ఆ సంగతి స్కాన్‌లో కనిపించదు. “ఊరేది, బస్సెన్నింటికి, తోడెవరొస్తారు?” అని అడిగితేనే తెలుస్తుంది.

ఇందులో నేనూ తక్కువ తినలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నాకూ నాలుగు నెలల గ్యాప్ పడింది. అక్షరాల చార్టు మీద మూడు వరుసలు పోయాయి, మళ్ళీ సూదులు మొదలెడితే ఒకటే తిరిగొచ్చింది. గాజువాకలో ఉండి, పోర్టు పెన్షనర్ల మెడికల్ కార్డుండి, మోటారుసైకిలు మీద తీసుకెళ్ళే కొడుకుండి నా గతి అది. పాడేరు ఘాట్ మీంచి తెల్లారుజామునే బయల్దేరేవాడి మాటేమిటి? మీ జిల్లా 2022 ఏప్రిల్ 4న మూడు ముక్కలైంది. అనకాపల్లి వేరు, అల్లూరి జిల్లా వేరు. కానీ ఆసుపత్రి వరండాలో క్యూ మూడు ముక్కలు కాలేదు. నా పక్కన ఇచ్ఛాపురం ఆవిడ, ఆవిడ పక్కన సాలూరాయన, ఆ చివర ఒరియా మాట్లాడుకునే కోరాపుట్ మొగుడూ పెళ్ళాలు. వీళ్ళు మీ జిల్లావాళ్ళు కాదు. కానీ ఒక నెల రాకపోతే ఆ రానిది మీ జిల్లాకే కదా. బస్సులో ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్ లేదు, అది కొంత మేలు. భార్యని చూపించడానికి భర్త వెళితే ఒక టికెట్టే. అయినా పోయేది ఛార్జీ కంటే కూలి ఎక్కువ, రోగిది ఒకటి, తోడొచ్చినవాళ్ళది ఒకటి.

జిల్లా అంధత్వ నివారణ సంస్థకి అధ్యక్షులు మీరే. జాతీయ కార్యక్రమం 1976 నుంచి ఉంది, శుక్లాల మీద అది సాధించింది తక్కువేం కాదు. మా అమ్మ కూడా ఆ పుణ్యాన చూపుతోనే పోయింది. కానీ మన లెక్కలన్నీ శుక్లం నేర్పినవి. శుక్లం ఒక్కరోజు పని. కోత, లెన్సు, నల్లద్దాలు, వరసగా కూర్చోబెట్టి ఒక ఫోటో, లక్ష్యం ఎంత, అయ్యిందెంత. రెటీనా జబ్బుకి ఫోటో ఉండదు. సూది పడ్డ కన్ను మర్నాడు ఎర్రగా ఉంటుంది, ఎవరూ పక్కన నిలబడి ఫోటో దిగరు. ‘ఈ నెల ఇన్ని ఇంజెక్షన్లు వేశాం’ అని రాస్తే అది దిగిన బస్తాల లెక్క. ఒకడికే పన్నెండు వేసినా పన్నెండే, పన్నెండుమందికి ఒక్కోటి వేసి వదిలేసినా పన్నెండే.

దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. నలభై దాటిన షుగర్ రోగుల్లో ఎనిమిది మందిలో ఒకరికి రెటీనా దెబ్బతిని ఉందని దానికి ముందు ఏడాది వచ్చిన ఇంకో సర్వే. మీ మీటింగుల్లో ఈ అంకెలు వినే ఉంటారు. ఇవి ఓడ ఎక్కిన సరుకు అంకెలు.

కొత్త భవనం అడగడం లేదు నేను. శిలాఫలకమూ వద్దు. మీ సంస్థ మీటింగులో పెట్టే కాగితం మీద ఒక్క కాలమ్ గీయించండి, ఈ నెల ఇంజెక్షన్‌కి రావాల్సి ఉండి రానివాళ్ళు ఎందరని. ప్రభుత్వ ఆసుపత్రి ఇవ్వాలి, మీ సహకారం తీసుకునే ప్రైవేటు, ట్రస్టు ఆసుపత్రులూ ఇవ్వాలి. సిగ్గుపడాల్సిన అంకె కాదది, ఏ ఆసుపత్రికైనా ఉండేదే. ఆ జాబితా ఏ ఊరిదైతే ఆ ఊరి ఆశా కార్యకర్తకి, ఏఎన్ఎంకి వెళ్ళాలి. మెసేజ్ పంపితే చాలదండీ, చూపు పోయినవాడు మెసేజ్ ఎలా చదువుతాడు? మనిషి గొంతు కావాలి, అదీ మన ఉత్తరాంధ్ర గొంతు. “ఏటి మావా, సూదికి రాలేదేటి?” అని ఎవరైనా అడిగితే మా బావ చెరకు ఒకరోజు ఆపేవాడు. అనకాపల్లి, అల్లూరి, విజయనగరం, శ్రీకాకుళం కలెక్టర్లకి మీరొక మాట చెబితే ఆ కాగితం సరిహద్దులు దాటుతుంది. సూది వేసుకుని ఇంటికెళ్ళాక నొప్పి పెరిగి, ఎరుపు ముదిరి, చూపు తగ్గితే ఏ అర్ధరాత్రయినా బయల్దేరాలని కార్డు మీద తెలుగులో పెద్దక్షరాల్లో, ఫోన్ నెంబరుతో అచ్చేయించాలి. వేలల్లో ఒకరికే అలా అవుతుంది. ఆ ఒక్కరు పాడేరువాసి అయితే గంటలు లెక్కలోకొస్తాయి.

ఇంకోటి, షుగర్ మందులిచ్చే క్లినిక్కులోనే ఏడాదికోసారి రెటీనా ఫోటో తీసే కెమెరా ఉంటే మాలాంటివాళ్ళు క్యాలెండర్ వంగేదాకా ఆగక్కర్లేదు. దాని ఖర్చూ వెచ్చం మీ అధికారులకి నాకంటే బాగా తెలుసు. ముందు మాత్రం ఆ కాలమ్.

టాలీ షీటు ఎలా గీయాలో నేర్పడానికి నేను ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాను, ఆ వారం సూది లేకపోతే. మొదటి వరసలో మా బావ పేరు, ఆయన మానేసిన తేదీ నేనే రాసి ఇస్తాను.

ఇట్లు,
విశాఖ పోర్టు విశ్రాంత టాలీ క్లర్కు,
గాజువాక